జుట్టుకీ పదునుంటుంది



ఈ వారం మిరపలో నల్లతామర పురుగు గురించి రాస్తానని పోయినసారి చెప్పాను. అది వచ్చే వారం. ఇవాళ రాసేది ఆడపిల్ల జుట్టు గురించి. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాలుగు నెలల కిందటైతే నేనూ నవ్వేవాణ్ణే. కానీ మనలో ఆడపిల్లల తండ్రులు చాలామంది ఉన్నారు. ఒత్తుగా, నొక్కులు నొక్కులుగా ఉండే జుట్టుతో పుట్టిన పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. ఆ జుట్టుని ఎలా చూసుకోవాలో, ఎలా దువ్వాలో మనకెవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. ఆ అడగకపోవడం వల్ల మా ఇంట్లో ఒక పని జరిగింది. అందుకే రాస్తున్నా.

కార్తీకమాసంలో పత్తి రెండో తీత నడుస్తోంది. మా ఇంటావిడ పొద్దున్నే గొడ్లచావిట్లో పేడ తీస్తూ జారిపడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. నరసరావుపేట తీసుకెళ్లి సిమెంటు కట్టు వేయించాం, ఆరు వారాలు కదపొద్దన్నారు. వంట మా అమ్మా నేనూ కలిసి ఎట్లాగో లాక్కొచ్చాం. పాలు పితకడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. పత్తికి కూలీలు దొరికారు. అన్నీ సర్దుకున్నాయి, ఒక్క మా అమ్మాయి జడ తప్ప.

తొమ్మిదో తరగతి. హైస్కూలుకి రెండు జడలు వేసి, మడిచి, రిబ్బను కట్టి పంపాలి. దాని జుట్టు మీరు చూడలేదు కదా, చెప్తా వినండి. నడుము దాకా ఉంటుంది. రెండు చేతులు కలిపి పట్టినా గుప్పిట్లో ఇమడదు. ఏ పాయ తీసినా వంపులు తిరిగి ఉంటుంది. పూర్తిగా రింగుల జుట్టు కాదు, సాఫు జుట్టు అసలే కాదు. వాన వచ్చే ముందు గాలిలో చెమ్మ ఎక్కితే చాలు, ఇంతకింత లేస్తుంది.

మొదటిరోజు నేను ధైర్యంగానే కూర్చున్నా. చర్నాకోల అల్లినవాణ్ణి, మూడు పాయల జడ అల్లలేనా అనుకున్నా. అల్లడం వచ్చు, నిజమే. దువ్వడం రాదు. ఎండిపోయిన జుట్టు మీద, నడినెత్తిన దువ్వెన పెట్టి కిందికి లాగాను. జానెడు కూడా దిగలేదు. ఇంకాస్త గట్టిగా లాగా. దువ్వెన పళ్లు రెండు విరిగాయి. పిల్ల నోరెత్తలేదు గానీ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అవతల కూలీలు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, ఇవతల బస్సు టైమయింది. "ఇదేం జుట్టే తల్లీ, గడ్డివాములా ఉంది. కత్తిరించేద్దాం, పీడా పోతుంది" అన్నా.

సరదాగానే అన్నా. దానికి నాలుగేళ్లున్నప్పటి నుంచీ దాని నెత్తిని గడ్డివామనే పిలుస్తున్నా. ఇంట్లో అందరం నవ్వేవాళ్లం. అదీ నవ్వేది.

నాలుగో రోజు సాయంత్రం మోటారు ఆపి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే నీళ్లతొట్టి వెనక ఏదో నల్లగా కనిపించింది. ముందు పాము పిల్లేమో అనుకున్నా. కర్రతో కదిపితే జుట్టు. జానెడున్నర పొడుగు పాయ, మధ్యలో గట్టిగా చిక్కుముడి. లోపలికెళ్లి చూస్తే పిల్ల చున్నీ కప్పుకుని పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఎడమ చెవి వెనక ఎలక కొరికినట్టు గుంట.

"ఎందుకమ్మా ఇట్లా చేశావ్?"

"చిక్కు రాలేదు నాన్నా. నువ్వే అన్నావుగా, కత్తిరించేద్దాం, పీడా పోతుందని."

కోపంగా అనలేదు. చెప్పిన పని చేశానన్నట్టు అంది. నాకు నోట మాట రాలేదు. బళ్లో దాన్ని నూడుల్స్ అని పిలుస్తారట, పీచుమిఠాయి అంటారట. అది ఆ రోజే తెలిసింది. వాళ్ల కంటే ముందు పేరు పెట్టింది నేనే కదా.

ఇంకోటి కూడా తెలిసింది. మాఘమాసంలో మా చిన్నాన్న మనవరాలి పెళ్లి ఉంది. ఆ పెళ్లికి జుట్టు సాఫు చేయించుకోవాలని ఇది డబ్బులు దాచుకుంటోంది. మా అక్క కూతురు పోయినేడు అట్లాగే టౌనులో చేయించుకుంది. ఐదు వేలు తీసుకున్నారు, ఏదో ఘాటైన మందు పూశారు, కళ్లు మండాయంటే కాసేపు ఓర్చుకోమన్నారట. ఇంటికొచ్చినప్పుడు పట్టుకుచ్చులా ఉంది, కాదనను. నాలుగు నెలలకి కొత్తగా మొలిచిన రెండంగుళాలూ నొక్కులే. కింద మాత్రం చీపురు పుల్లలు. ఆ రెండూ కలిసే చోట పుటుక్కున తెగిపోతోంది. జుట్టు నెలకి అరంగుళమో, అంతకంటే కాస్త తక్కువో పెరుగుతుంది. నడుము దాకా ఉన్న జుట్టు పాడైతే మళ్లీ అంత కావాలంటే ఐదారేళ్ల పంట. పైగా వెంట్రుక వంపు దాని కుదురులో ఉంటుంది. బయట ఏం పూసినా లోపల్నుంచి వచ్చేది పాత జాతే.

ఇదంతా మంచం మీద కూర్చుని మా అమ్మ వింటోంది. డెబ్బై ఆరేళ్లు, చేతులు వణుకుతాయి, జడ వెయ్యలేదు. కానీ నోరు వణకదు.

"ఏరా, రేగడి నేల ఎండి బీటలిచ్చినప్పుడు నాగలి పెడతావా?"

"పెట్టను."

"నీళ్లు నిలబడి బురదగా ఉంటే?"

"పెట్టను. పదును చూసుకుని పెడతా."

"నీ పొలానికుంది పదును. నీ కూతురి నెత్తికి లేదా?"

అంతే అంది. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు ఆదివారం. అమ్మ మంచం వేపచెట్టు కింద వేయించుకుని కూర్చుంది. అక్కణ్ణుంచి ఆవిడ చెప్పడం, నేను చెయ్యడం. మా ఇంటావిడ ఒంటి చేత్తో నూనెగిన్నె పట్టుకుని నిలబడింది. ఆవిడకీ మనసు బాలేదు. పదేళ్లుగా బస్సు టైముకి గట్టిగా బిగించి జడలు వేసింది. పిల్ల కణతల దగ్గర జుట్టు పలచబడిన సంగతి ఆ రోజు వెలుతుర్లో నేను చూపిస్తేనే చూసింది. రోజూ కుదుళ్లు లాగితే అక్కడ జుట్టు రాలిపోతుందట. ఇప్పుడు మొదలు వదులుగా వేసి, కిందికి వచ్చాకే బిగిస్తున్నాం.

ఇక అసలు పనిలోకి వస్తా. ముందు చేతులు. మన అరచేతులు గరుకు కాయితాలు, వేలి చివర పగుళ్లలో వెంట్రుక చిక్కుకుంటే పిల్ల గంతేస్తుంది. కాస్త కొబ్బరినూనె రాసుకుని కూర్చోవాలి. మందు కొట్టి వచ్చిన రోజూ, మిరప కోసిన రోజూ పిల్ల తల జోలికి పోకూడదు. ఎంత కడిగినా మిరప ఘాటు చేతికి రాత్రి దాకా ఉంటుందని మీకు నేను చెప్పాలా.

తలంటికి గంట ముందు కొబ్బరినూనె. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగుతుందని 2003లో పరిశోధన చేసి కూడా రాశారు. మా అమ్మకి ఆ పరిశోధన సంగతి తెలీదు, కానీ చివర్లకి ఎక్కువ పెట్టరా అని మాత్రం పదిసార్లు చెప్పింది. ఎందుకో ఆలోచిస్తే నాకు మన సాగర్ కుడికాలువ గుర్తొచ్చింది. మాడు నుంచి ఊరే నూనె సాఫు జుట్టులో జారుతూ చివరిదాకా పోతుంది. నొక్కుల జుట్టులో ప్రతి వంపు దగ్గరా ఆగిపోతుంది. చివర్లు అంటే చివరి ఆయకట్టు. పైవాడికి తడి ఉంటుంది, కిందివాడికి దుమ్ము. అక్కడికి మనమే మోసుకెళ్లి పొయ్యాలి.

నూనె ఉండగానే వేళ్లతో పెద్ద చిక్కులు విడదీయాలి. దువ్వెన వద్దు. వేలికి చిక్కు తెలుస్తుంది, దువ్వెనకి తెలీదు.

నీళ్ల సంగతి మనలాంటి ఊళ్లకి ముఖ్యం. మా బోరు నీళ్లతో డ్రిప్పు పైపుల్లో తెల్లగా సున్నం పేరుకుంటుంది, ఏటా యాసిడ్ పట్టిస్తేగానీ చుక్క పడదు. అవే నీళ్లు పిల్ల నెత్తిన పోస్తున్నాం. సబ్బు నురగరాక తెట్టు కడుతుంది, జుట్టు నారలాగా బిరుసెక్కుతుంది. ఇప్పుడు తలంటికి చెరువు నీళ్లు రెండు బిందెలు విడిగా తెస్తున్నా. అవి దొరకని వారం బోరు నీళ్లతోనే కానిచ్చి, చివర్లో చెంబు నీళ్లలో ఒక చెంచా నిమ్మరసం కలిపి జుట్టుకి పోసి, కళ్లలో పడకుండా చూసుకుని, మళ్లీ మామూలు నీళ్లు పోస్తున్నా. తేడా చేతికే తెలుస్తుంది.

కుంకుడుకాయ మంచిదే, కానీ ఒట్టి కుంకుడు రసమైతే మా అమ్మాయి జుట్టు మరీ పొడిబారుతోంది. మా అమ్మ అందులో శీకాయ, గుప్పెడు మందారాకు వేసి నలిపిస్తుంది. మందారాకు జిగురు వల్ల జారుడు వస్తుంది. వారం విడిచి వారం షాంపూ. షాంపూ మాడుకే. దాని వెనక కండిషనర్, ఇది మాత్రం చెవుల కిందనుంచి చివర్ల దాకా, మాడుకి తగలకూడదు. రెండు సాచెట్లు పడతాయి.

ఇదీ పదును. కండిషనరో మందార జిగురో జుట్టు నిండా ఉండి, జుట్టు తడిగా జారుతూ ఉన్నప్పుడు దువ్వాలి. వెడల్పు పళ్ల దువ్వెన. నడినెత్తిన మొదలుపెట్టకూడదు, చివర బెత్తెడు ముందు. అది సాఫయ్యాక దాని పైన బెత్తెడు. ఇట్లా కిందనుంచి పైకి. ఇంకో చేత్తో పైన పాయని పట్టుకుంటే మాడు లాగదు. తడి జుట్టు రబ్బరులా సాగుతుంది, జారుడు లేకుండా గుంజితే తెగుతుంది, కాబట్టి బలం చూపించే పని కాదు. మొదటి ఆదివారం నాకు గంటన్నర పట్టింది. పిల్ల ఒక్కసారి కూడా కళ్లనీళ్లు పెట్టలేదు. ఎండినాక మళ్లీ దువ్వకూడదు, అదే మనందరం చేసే తప్పు. ఎండిన నొక్కుల జుట్టుని దువ్వితే వంపులు విడిపోయి దూదిపింజల్లా లేస్తుంది. నేను గడ్డివామన్నది దాని జుట్టుని కాదు, మా దువ్వెన చేసిన పనిని.

పేలు పడినప్పుడు కూడా ఇంతే. పేలదువ్వెన పొడి జుట్టులో వేస్తే ఒత్తు జుట్టు పిల్లలకి నరకం. కండిషనర్ పట్టించి, చిక్కులన్నీ తీశాక, తడి మీద పాయలు పాయలుగా వెయ్యాలి.

కడిగాక టవలుతో రుద్దొద్దు. నా పాత లుంగీ ఒకటి మెత్తబడిపోయింది ఉంది, దానితో అద్దుతున్నాం. నీళ్లు కారడం ఆగాలి, తడి ఉండాలి. అప్పుడే అవిసె జిగురు పెట్టాలి. అవిసె గింజలంటే మన తమలపాకు తోటల్లో తీగకి ఆసరాగా వేసే అవిసె చెట్టు గింజలు కావు. కిరాణా కొట్లో దొరికే గోధుమరంగు నున్నటి చపటా గింజలు. నేను మొదట పొరపడి మా తోడల్లుణ్ణి చెట్టు గింజలు పంపమన్నాను, ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

నాలుగు చెంచాల గింజలు, రెండు గ్లాసుల నీళ్లు. సన్నమంట మీద కలుపుతూ ఏడెనిమిది నిమిషాలు మరిగిస్తే కోడిగుడ్డు తెల్లసొనలా జిగురొస్తుంది. వెంటనే వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టాలి. చల్లారిందా, ఇక గుడ్డలోంచి దిగదు. మొదటిసారి నేను గేదెకి దాణా పెట్టి వద్దామని వెళ్లి వచ్చేసరికి గిన్నెలో బంక అయి కూర్చుంది. అదే పూశా. ఆరాక పిల్ల జుట్టు గంజి పెట్టిన చొక్కాలా నిలబడింది, పొట్టు పొట్టుగా రాలింది కూడా. రెండోసారి పల్చగా చేశా, కుదిరింది. ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది, వాసన మారితే పారబోయాలి.

జిగురు అరచేతుల మీద పరుచుకుని పాయల మీద పైనుంచి కిందికి రాయాలి. తర్వాత తల ఒక పక్కకి వంచమని, చివర్లని అరచేతిలో పట్టి, పైకి తెస్తూ, నిమ్మకాయ పిండీ పిండనట్టు నొక్కి వదలాలి. నాలుగైదుసార్లు. అంతే, ఇక ముట్టుకోకూడదు. ఈ ముట్టుకోకుండా ఉండటం పిల్లకి కష్టం. నీడలో, గాలి ఆడే చోట గంట, గంటన్నర ఆరనివ్వాలి. పూర్తిగా ఆరాక పైన కాస్త పెళుసుగా ఉంటుంది. రెండు చుక్కల నూనె చేతికి రాసుకుని అట్లా అట్లా నలిపితే పెళుసు పోయి మెత్తగా వంపులు మిగులుతాయి.

దీనికి కారణం మా అమ్మాయే వాళ్ల సైన్సు మేడమ్‌ని అడిగి వచ్చి చెప్పింది. వెంట్రుకలో కొన్ని బంధాలు నీళ్లు తగిలితే విడిపోతాయి, ఆరుతున్నప్పుడు మళ్లీ కట్టుకుంటాయి. ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే అదే నిలబడుతుంది, మళ్లీ తడిసేదాకా. పార్లరు మందు తెంపేది వాటిని కాదు, ఇంకా గట్టివైన గంధకపు బంధాల్ని. అందుకే అది నీళ్లతో పోదు. పిల్ల ఇదంతా నాకు నోటుబుక్కులో బొమ్మ వేసి చూపించింది. నాకు సగమే అర్థమైంది గానీ, ఆ బొమ్మ వేసేటప్పుడు తన జుట్టు పాయ ఒకటి వేలికి చుట్టుకుంటూ చెప్పింది, అది చూశా.

బడి రోజుల్లో ఇంత తతంగం ఉండదు. రాత్రి ఒకే వదులు జడ వేసి పడుకోబెడుతున్నాం. దిండుకి మా అమ్మ పాత పట్టుచీర ముక్క కుట్టించాం, నూలు గలీబు మీద జుట్టు రాపిడికి లేస్తుంది. పొద్దున్నే చిన్న స్ప్రే సీసాతో నీళ్లు చిలకరించి, వేళ్లతో సర్ది, పాపిట తీసి రెండు జడలు. పది నిమిషాలు. ఆ స్ప్రే సీసా కొత్తది కొనండి అన్నా. ముప్పై రూపాయలకి చూసుకుని పొలంలో వాడినవి కడిగి వాడొద్దు, దండం పెడతా.

సంక్రాంతికి జడ వెయ్యలేదు. ముందు రెండు పాయలు తీసి వెనక్కి మెలితిప్పి పిన్ను పెట్టి, మిగతాది వదిలేశాం. కత్తిరించిన గుంట పైపాయ కిందికి పోయింది. మా అమ్మ కనకాంబరాలు కట్టి ఇచ్చింది. ముగ్గు దగ్గర కూర్చుంటే జుట్టంతా ఒక భుజం మీదికి జారింది. మా అమ్మ చూసి, "నీ నెత్తినా ఇదే జుట్టురా. నెల నెలా క్షవరం చేయించాం గనక నీకు తెలీలేదు" అంది. అద్దంలో చూసుకున్నా. ఇప్పుడేముంది, పైన పొలంగట్టంత మిగిలింది.

మా ఇంటావిడ చెయ్యి డిసెంబరు చివర్లోనే కట్టు విప్పారు. బరువులు ఎత్తొద్దన్నారు గానీ జడ వేయొచ్చు. బడి జడలు మళ్లీ తనే వేస్తోంది. ఆదివారం తలంటు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. నేనే అడిగి ఉంచుకున్నా.

అంతా బాగైపోయిందని చెప్పను. పెళ్లికి సాఫు చేయించుకోలేదు, నిజమే. దాచుకున్న డబ్బుతో చెప్పులు కొనుక్కుంది. కానీ మొన్న ఆదివారం చిక్కు తీస్తుంటే, "పెద్దయ్యాక నా జీతంతో చేయించుకుంటానేమో నాన్నా, అప్పుడు నువ్వేమీ అనకూడదు" అంది. అననన్నా. ఆ పేరుతో ఇంకెప్పుడైనా పిలిచానా అని కూడా అడిగా. ఒకసారి పిలిచావంది. పుష్యమాసంలో, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ. నాకు గుర్తే లేదు. దానికి తారీఖుతో సహా గుర్తుంది.

చెవి వెనక గుంటలో ఇప్పుడు అంగుళం పైన పెరిగింది. దువ్వెనకి ఇంకా అందదు, వేలితోనే సర్దాలి. అప్పుడే వంపు తిరుగుతోంది.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్తున్నాం, అక్కడ చెక్క దువ్వెన కొనాలి. ఆ దుమ్ములో, జనంలో జడ వేసుకోమని నేను, వదిలేస్తానని అది. ఇంకా తేలలేదు.

ఉంటానండీ. పొద్దున్నే కోతకి మనుషులొస్తారు. నల్లతామర సంగతి వచ్చే వారం తప్పకుండా రాస్తా.